తన్నే కాలికి హింజ్‌డ్ నీ బ్రేస్: డబ్బు పెట్టదగ్గదేనా?

తీర్పు ముందే చెప్పేస్తాం. మోకాలు పక్కకి ఒరగకుండా ఆపడానికి ఈ బ్రేస్, అంటే రెండు పక్కలా కీళ్లున్న మోకాలి పట్టు, బాగా పనికొస్తుంది. మోకాలు మెలిపడకుండా ఆపడం మాత్రం దీని వల్ల కాదు. కరాటే, టైక్వాండో, కుంగ్‌ఫూ సాధన చేసేవాళ్ల మోకాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఆ మెలికే. అందుకే ఐదుకి మూడున్నర మార్కులు. ఒకటిన్నర కోసింది వస్తువు నాసిరకమని కాదు. కొన్నవాళ్లు దీని నుంచి ఆశించేది, ఇది చేయగలిగేది ఒకటి కావు గనుక.

తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రుల చుట్టుపక్కల సర్జికల్ షాపులో “నీ క్యాప్ ఇవ్వండి” అంటే కౌంటర్ మీదికి వచ్చేది గొట్టంలా ఉండే ఎలాస్టిక్ తొడుగు. కొండకి నడిచి వెళ్లేవాళ్లు, నడివయసు మోకాళ్ల నొప్పులవాళ్లు అడిగేది అదే కాబట్టి షాపువాడి తప్పేం లేదు. అది వెచ్చగా ఉంచుతుంది, కాస్త అదిమి పడుతుంది, అంతకుమించి ఏమీ చేయదు. మనం మాట్లాడుకునేది “రెండు పక్కలా హింజ్ ఉన్నది, చుట్టి కట్టేది” అని విడమరిచి అడగాల్సిన రకం. నియోప్రీన్ (రబ్బరు లాంటి) గుడ్డ, ముందు మోకాలిచిప్పకి గుండ్రటి కన్నం, దాని చుట్టూ మెత్తటి రింగు, వెనక మడత దగ్గర కత్తిరింపు, లోపలా బయటా జేబుల్లో ఒక్కో అల్యూమినియం పట్టీ, ఆ పట్టీల మధ్యలో కీలు (హింజ్), పైన రెండు కింద రెండు వెల్క్రో పట్టీలు. ఇదే సరుకు ప్యాంటులా పైకి లాక్కునే రకంలోనూ దొరుకుతుంది. దెబ్బ తగిలిన కొత్తలో వాచిన మోకాలి మీదుగా దాన్ని లాగడం నరకం, చుట్టే రకమే తీసుకోండి.

బ్రేస్ కీళ్లలోనూ రెండు రకాలు. ఒకే రివెట్ మీద తిరిగేది చవక. రెండు చిన్న పళ్లచక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిరిగేదాన్ని పాలీసెంట్రిక్ అంటారు. మోకాలు తలుపు బందులా ఒకే చోట తిరగదు, వంగేకొద్దీ తొడ ఎముక కాలి ఎముక మీద దొర్లుతూ జారుతుంది. ఆ కదలికకి దగ్గరగా నడిచేది రెండోదే. ఒక్క రివెట్‌ది కట్టి ఇరవై బస్కీలు తీస్తే బ్రేస్ అంగుళం కిందికి దిగి ఉంటుంది, తేడా అక్కడే తెలిసిపోతుంది.

అయితే షాపుకి వెళ్లేముందు తేల్చుకోవాల్సింది దెబ్బ తగిలింది దేనికి అని. ఎదుటివాడు పక్కనుంచి కాలు మీద పడ్డాడు, జూడోలో త్రో తప్పి లోపలివైపు సాగింది, నొప్పి మోకాలి లోపలి అంచున వేలు పెట్టి చూపించేలా ఉంది అంటే చాలాసార్లు అది ఎంసీఎల్, అంటే మోకాలి లోపలి పక్కన ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్ (నార). ఈ బ్రేస్ పుట్టిందే దాని కోసం అనుకోవచ్చు. ఒకటో గ్రేడ్ సాగుడు రెండు వారాల్లో సర్దుకుంటుంది, రెండో గ్రేడ్‌కి మూడు నుంచి ఆరు వారాలు, మూడో గ్రేడ్‌కి ఇంకా ఎక్కువ. ఆ లిగమెంట్‌కి రక్తప్రసరణ బాగుంటుంది కాబట్టి పక్కకి ఒరగకుండా కాపాడితే చాలావరకు ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది. ఎగిరి తన్ని దిగినప్పుడు లోపల “టప్”మని శబ్దం వచ్చి, రెండు మూడు గంటల్లోనే మోకాలు బూరెలా ఉబ్బితే కథ వేరు. మోకాలి కీలు లోపల రక్తం చేరిందని అర్థం, ముందుగా అనుమానించాల్సింది ఏసీఎల్‌నే, అంటే మోకాలి నడిమధ్య ఉండే లిగమెంట్‌ని. వాపు మర్నాటికి మెల్లగా వచ్చి, కాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోతుంటే మెనిస్కస్, అంటే మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్తలాంటి పొర. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ముందు ఎక్స్‌రే. ఈ చివరి మూడింటిలో ఏదైనా సరే, బ్రేస్ కొని ఇంట్లో కూర్చోవడం కాలయాపన. టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకలూ కీళ్ల వైద్యానికే ఉంది, రుయాలో ఆర్థో ఓపీ ఉంది. చిత్తూరు వాళ్లు ఎటూ వేలూరుకే వెళతారు.

ఈ పక్క మోకాలు బెణికితే ఇంట్లో పెద్దవాళ్ల నోట వచ్చే మొదటి మాట పుత్తూరు కట్టు. విరిగిన ఎముకని కదలకుండా పట్టి ఉంచడమే కట్టు లక్షణం. లిగమెంట్ చీలిక వేరే జబ్బు. అది ఎక్స్‌రేలో కనపడదు, డాక్టర్ మోకాలిని ఇరవై ముప్పై డిగ్రీలు వంచి కింది ఎముకని ముందుకి లాగి చూస్తేనో, ఎం.ఆర్.ఐ.లోనో బయటపడుతుంది. పరీక్ష లేకుండా ఏ కట్టు వేసినా, ఎవరు వేసినా, వారాల తరబడి కదలని మోకాలు బిగుసుకుపోతుంది, తొడ ముందరి కండ కరిగిపోతుంది. తన్నేవాడికి ఆ కండే పెట్టుబడి.

ఇక సైజు. ఈ బ్రేస్‌ని తిట్టుకునేవాళ్లలో ఎక్కువమంది తప్పు సైజు కొన్నవాళ్లే. దర్జీ టేపుతో మూడు చోట్ల కొలవండి: మోకాలిచిప్ప నడిమిన, అక్కణ్నుంచి 15 సెంటీమీటర్లు పైన తొడ చుట్టూ, 15 సెంటీమీటర్లు కింద పిక్క చుట్టూ. నిలబడి, కండ బిగించకుండా, టేపు చర్మానికి ఆనీ ఆననట్టుగా. కొన్ని కంపెనీల చార్టు చిప్ప చుట్టుకొలతనే అడుగుతుంది, కొన్నింటిది తొడ కొలతనే. ఒకరి ‘ఎం’ ఇంకొకరి ‘ఎల్’ కావచ్చు కాబట్టి అక్షరం మర్చిపోయి సెంటీమీటర్లు చూడండి. కొలత రెండు సైజుల మధ్య పడితే చిన్నదే తీసుకోండి. దెబ్బ తిన్న కాలి తొడ నెల తిరిగేసరికి సన్నబడుతుంది, వాపూ దిగుతుంది, ఇవాళ సరిపోయిన పెద్దది అప్పటికి గుర్రపు జీనులా వేలాడుతుంది. పట్టీలన్నీ కట్టాక కూడా వెల్క్రో ఇంకో రెండు వేళ్ల వెడల్పు బిగించడానికి చోటు మిగలాలి.

సైజు తప్పిందని కాలే చెబుతుంది. అరగంట వేసుకుని తీసి చూడండి. చిప్ప కన్నంలోంచి చర్మం చిన్న గారె పొంగినట్టు ఉబ్బి, చుట్టూ రింగు అచ్చు లోతుగా పడి ఉంటే బ్రేస్ బిగుతు. చుట్టూ అదిమిన నీరు దొరికిన దారిలో బయటికి వస్తోందన్నమాట. అచ్చు అసలు పడకుండా, కీలు మాత్రం చిప్ప కింది అంచుకి దిగిపోయి ఉంటే వదులు.

కట్టుకునే తీరుకీ ఒక పద్ధతి ఉంది. కుర్చీ అంచున కూర్చుని మోకాలు నలభై డిగ్రీలకి అటూ ఇటూగా వంచండి. నిలబడి కట్టుకుంటే తొడ కండ బిగిసి ఉంటుంది, కూర్చోగానే వదులవుతుంది. రెండు కీళ్ల కేంద్రాలూ మోకాలిచిప్ప నడిమి ఎత్తుకి, పక్కనుంచి చూస్తే కాలి మధ్యగీతకి కాస్త వెనగ్గా రావాలి. ముందు మోకాలి కింది పట్టీ, అంటే పిక్క ఉబ్బుకి సరిగ్గా పైన కూర్చునేది బిగించండి. అదే మొత్తం బరువుని జారకుండా మోసేది. తర్వాత చిప్ప పైనది, ఆ తర్వాత అన్నిటికన్నా కిందిది, చివర అన్నిటికన్నా పైది. చాలామంది తొడ పట్టీ ముందు లాగి కడతారు. తొడ గరాటు ఆకారం, కిందికొచ్చేకొద్దీ సన్నబడుతుంది. పైన ఎంత బిగిస్తే అంత కిందికి జారుతుంది.

ఒక చోట మాత్రం జాగ్రత్త. మోకాలికి బయటివైపు, కొంచెం కింద, వేలికి తగిలే ఎముక బుడిపె ఒకటి ఉంటుంది. దాని మెడ చుట్టూ పాదాన్ని పైకెత్తే నరం చర్మానికి దగ్గరగా వెళుతుంది. మోకాలి కింది పట్టీని ఆ బుడిపె మీద బిగిస్తే పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది, బొటనవేలు పైకెత్తడం బరువవుతుంది. అలా అనిపిస్తే క్లాసు అయ్యేదాకా ఆగొద్దు, అక్కడే విప్పేయండి. రాత్రి పడుకునేటప్పుడు డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప వేసుకోవద్దు. పిక్క వాచి, వెచ్చబడి, నొక్కితే నొప్పెడితే అది బ్రేస్ సంగతి కాదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన సంగతి.

మొదట కోసిన మార్కుల లెక్క ఇప్పుడు. మవాషి గెరి (నడుము తిప్పి పక్కనుంచి తన్నే తన్ను) తన్నేటప్పుడు చూపంతా లేచిన కాలి మీదే ఉంటుంది, దెబ్బతినేది నేల మీదున్న కాలు. నడుము తిరుగుతుంది, తొడ తిరుగుతుంది, పాదం మాత్రం చెమట పట్టిన రబ్బరు మ్యాట్‌కి అతుక్కుని కదలదు. ఆ మొత్తం మెలిక మధ్యలో ఉన్న మోకాలి మీద పడుతుంది. బ్రేస్ కూర్చునేది ఎముక మీద కాదు, చర్మం మీద, దాని కింది కండ మీద. లోపల ఎముక తిరుగుతుంటే పైన ఉన్న పట్టీ దాంతోపాటే కొట్టుకుపోతుంది. పైగా ఈ కీలు వంగడం, చాపడం రెండే ఎరుగుతుంది. ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా ఇక్కడ అంతే. ఏసీఎల్ తెగినవాళ్లు ఇది కట్టుకుని స్పారింగ్‌కి (జోడీతో పోరు సాధనకి) దిగడం హెల్మెట్ మోచేతికి తగిలించుకుని బండి నడపడం లాంటిది.

మెలికకి మందు బ్రేస్‌లో లేదు, మడమలో ఉంది. కాలు లేచేలోపే ఆధారపు కాలి మడమ నేల వదిలి ఎదుటివాడి వైపు తిరగాలి, బరువు ఆ పాదం ముందు భాగం మీదికి రావాలి. కోలుకునే రోజుల్లో దీన్ని తన్నకుండానే సాధన చేయొచ్చు: గోడ పట్టుకుని, మ్యాట్ మీద కాకుండా నున్నటి గచ్చు మీద, పొడి పాదంతో, మడమ మాత్రం తొంభై డిగ్రీలు తిప్పడం, పూటకి పదేసి చొప్పున రెండు విడతలు. పాదం ఆగిపోయి మోకాలు ముందు తిరుగుతోందంటే తన్నడానికి ఇంకా టైం కాలేదని లెక్క.

బ్రేస్ ఎప్పుడు వేసుకోవాలి, ఎప్పుడు తీసేయాలి అన్నది షాపులో ఎవరూ చెప్పరు. మొదటి దశలో లక్ష్యం ఒకటే: మోకాలు పూర్తిగా చాచగలగాలి. మడమ కింద చుట్టిన టవల్ పెట్టి, మోకాలి వెనక భాగాన్ని పరుపుకేసి నొక్కుతూ తొడ బిగించి ఐదు సెకన్లు పట్టాలి. పది సార్లు, మూడు విడతలు. తర్వాత కాలు నిటారుగా ఎత్తడం. ఎత్తగానే మోకాలు కాస్త వంగిపోతే కండ ఇంకా మేలుకోలేదని అర్థం. ఈ రెండూ బ్రేస్ తీసేసి చేయాలి, పరుపు మీద దాని అవసరం లేదు. బ్రేస్ అక్కరకొచ్చేది లేచి నడిచేటప్పుడు, జనంలో తిరిగేటప్పుడు, గోడకి ఆనుకుని నలభై ఐదు డిగ్రీల దాకా బస్కీలు తీసేటప్పుడు. ఐస్ పెట్టాలంటే బ్రేస్ విప్పి, గుడ్డలో చుట్టి, పావుగంట చాలు.

తర్వాతి మెట్టు నిజంగానే మెట్టు. ఆరంగుళాల ఎత్తు మీద ఒంటికాలితో నిలబడి రెండో కాలి మడమ నేలకి తాకేదాకా నెమ్మదిగా దిగి మళ్లీ లేవాలి. ఎదురుగా అద్దం పెట్టుకోండి. మోకాలిచిప్ప రెండో వేలి వరసలో ఉండాలి, బొటనవేలి వైపు కూలిపోకూడదు. మొదట బ్రేస్‌తో, అలా ఇరవై శుభ్రంగా వచ్చాక బ్రేస్ లేకుండా. ఎంసీఎల్ రెండో గ్రేడ్ అయితే ఇక్కడికి వచ్చేసరికి నాలుగైదు వారాలు పడుతుంది, బ్రేస్ పని దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత కూడా “ధైర్యం కోసం” వేసుకుంటూ పోతే కండ చేయాల్సిన పని గుడ్డ చేస్తుంటుంది.

ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లకి ఈ లెక్క వర్తించదు. వాళ్లకి ఏ బ్రేస్, ఎన్ని డిగ్రీల దగ్గర లాక్ చేయాలి అన్నది సర్జన్ నిర్ణయం. కొందరికి తొడ నుంచి పిక్క దాకా వచ్చే పొడవాటి రోమ్ బ్రేస్ (మోకాలి వంపుని కావలసిన డిగ్రీ దగ్గర లాక్ చేసేది) ఇస్తారు. దాని బదులు ఈ పొట్టిది కొనుక్కోవద్దు. ఎన్ని నెలలు గడిచినా, ఒంటికాలి గెంతులో దెబ్బకాలు మంచికాలి దూరంలో కనీసం తొంభై శాతం అందుకోకుండా, తొమ్మిది నెలలు నిండకుండా కుమితెకి (కరాటే పోరుకి) దిగడం మంచిది కాదు. “ఆరు నెలలకే ఆడేశాడు” అని మాస్టర్లు గొప్పగా చెప్పే ఉదాహరణలు మళ్లీ తెగినవాళ్ల సంగతి చెప్పవు.

తన్నులు మొదలుపెట్టేటప్పుడు మాయె గెరి (ఎదురుగా తన్నేది) ముందు, నడుము కింది ఎత్తుకి, మూడొంతుల వేగంతో. గాల్లోకి విసురుగా తన్ని కాలు “ఠప్”మని చాచడం చివరికి వదిలిపెట్టండి. ఆపడానికి ఎదుట ఏమీ లేక మోకాలు వెనక్కి విరుచుకుంటుంది. మెత్తటి ప్యాడ్‌ని తన్నడం దానికన్నా నయం. మవాషి తర్వాత, యోకో గెరి (పక్కకి తన్నేది) ఆ తర్వాత. కిబా దాచిలో (గుర్రమెక్కినట్టు కాళ్లు ఎడం చేసి దిగే భంగిమలో) తొడలు నేలకి సమాంతరంగా దిగాలన్న పట్టుదల కొన్నాళ్లు పక్కన పెట్టండి.

క్లాసులో సెయిజా, అంటే మన వజ్రాసనం, ఈ బ్రేస్‌తో అసలు కుదరదు. వెనక కత్తిరింపు ఉన్నా గుడ్డ మడతలు పడి మోకాలి వెనక గుచ్చుకుంటుంది, అంచు నరాల మీద నొక్కుతుంది. బ్రేస్ తీసినా మెనిస్కస్ దెబ్బ ఉన్నవాళ్లు అంత లోతుగా వంచకూడదు. నిలబడే రెయ్ (వందనం) చేయండి, ఏ మాస్టరూ కాదనడు. ఇంట్లో కింద బాసింపట్టు, ఇండియన్ టాయిలెట్ కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. ఎడమ మోకాలు దెబ్బతింటే బైక్ కన్నా గేర్లు లేని స్కూటర్ మేలు. సైడ్ స్టాండ్ కాలితో తన్నే ఆ చిన్న మెలిక మానుతున్న లిగమెంట్‌కి పెద్దదే.

మొక్కు ఉందని బ్రేస్ కట్టుకుని కొండెక్కేవాళ్లకి ఒక మాట. అలిపిరి దారి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారి 2388. అలిపిరి దారిలో నిట్టనిలువుగా ఉండే చోటికి మోకాళ్ల పర్వతమని ఊరికే పేరు పడలేదు. రామానుజులవారు ఆ కొండని కాలితో తొక్కకుండా మోకాళ్లతో ఎక్కారని చెప్పుకుంటారు. ఆ సాహసం మనకొద్దు. ఎక్కడం కన్నా దిగడంలోనే చిప్ప వెనక భారం ఎక్కువ, కాబట్టి ఆరంగుళాల మెట్టు పరీక్ష నెగ్గినవాళ్లు కూడా నడిచి ఎక్కి, బస్సులో దిగండి.

ఈ ఊరి ఎండలో నియోప్రీన్ పెద్ద బాధ. గాలి ఆడదు. ఏప్రిల్, మే నెలల్లో గంట వేసుకుంటే లోపల చెమట కారుతుంది, రెండో రోజుకి మోకాలి వెనక చెమటకాయలు. లోపల పల్చటి నూలు తొడుగు వేసుకుంటే చర్మానికి హాయే కానీ బ్రేస్ తొందరగా జారుతుంది. అందుకని తొడుగు బిగుతుగా ఉండాలి, వదులు గుడ్డ వద్దు. గంటకోసారి విప్పి తుడుచుకోవడమే మంచి ఉపాయం. ఉతికేముందు అల్యూమినియం పట్టీలు జేబుల్లోంచి తీసి, ఏది లోపలిదో ఏది బయటిదో పెన్నుతో గుర్తు పెట్టండి. చల్లటి నీళ్లు, కొద్దిగా షాంపూ, చేత్తో పిసకడం, నీడలో ఆరబెట్టడం. మిద్దె మీద ఎండేస్తే నెలల్లోనే గుడ్డ అట్టలా బిరుసెక్కుతుంది. వెల్క్రోలో చేరిన నూలుపోగుల్ని పాత టూత్‌బ్రష్‌తో దువ్వేయండి. పట్టదనుకుని పారేసే వెల్క్రోలో సగం ఇలా పూడుకుపోయినవే.

ముందుగా చెడేది కీలు కాదు, పట్టీ కింది కొన గుచ్చుకునే జేబు అడుగు కుట్టు. అది ఊడితే లోహపు కొన పిక్కలోకి దిగుతుంది. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర లావు దారంతో రెండు వరసలు ముందే కుట్టించుకుంటే ఏడాది ఎక్కువ వస్తుంది. కీలు కిర్రుమంటే కుట్టుమిషన్ నూనె పోయొద్దు. పట్టీని బయటికి తీసి తడిగుడ్డతో ఉప్పు తుడవండి, చాలావరకు ఆ చప్పుడు చెమట ఉప్పుదే.

పోటీకి పనికొస్తుందా అంటే, లోహం ఉన్నది పనికిరాదు. జూడోలో గట్టి వస్తువులే ఒప్పుకోరు, కరాటేలో దెబ్బకి కట్టుకునే ఏ సపోర్ట్‌కైనా టోర్నీ డాక్టర్, రిఫరీల అనుమతి కావాలి. క్లాసులో స్పారింగ్‌కీ అదే మర్యాద, మీ బ్రేస్ కీలు ఎదుటివాడి ముంగాలికి తగిలితే చీరుకుపోతుంది.

ధర సుమారుగా 1000 నుంచి 2000 రూపాయల మధ్య. ఎలాస్టిక్‌ది మూడు నాలుగు వందల్లో వస్తుంది, రోమ్ బ్రేస్ దీనికి రెండు మూడు రెట్లు. ఆన్‌లైన్‌లో వందా రెండొందలు తగ్గినా దీన్ని షాపులోనే కొనండి, వాడిన సరుకు వెనక్కి తీసుకోరు కాబట్టి అక్కడే తొడిగి చూడాలి. కుర్చీలో పదిసార్లు కూర్చుని లేవండి, షాపు మెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి. తర్వాత కీలు ఎక్కడుందో చూడండి. వేలెడు జారిందంటే ఇంకో సైజు అడగండి. గీ (సాధన దుస్తుల) ప్యాంటు వెంట తీసుకెళ్లి బ్రేస్ మీద అదీ ఎక్కుతుందో లేదో చూసుకోండి, ఇరుగ్గా కుట్టించుకున్నవి మోకాలి దగ్గరే ఆగిపోతాయి.